ఫోనులో రెండు చుక్కలు

"నిన్న మధ్యాన్నం శానా సేపు నువ్వు యాడా లేవు. యాడికి పోయినావు?"

మోహన రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. నూలు ఎక్కుతుంటే కళ్ళు దాని మీదే ఉండాలి, అందుకని తలెత్తలేదు. భర్త గొంతులో కోపం లేదు. కోపం లేనప్పుడే ఎక్కువ భయపడాలని పెళ్ళయిన మొదటి ఏడే నేర్చుకుంది. శివప్రకాశం అరిచాడంటే ఆ అరుపుకే సగం ఓపిక ఖర్చయిపోతుంది. ఇలా మెల్లగా, వేలూరులో లుంగీల గిరాకీ ఎట్లా ఉందని ఎవరినో అడిగినట్టు అడిగాడంటే, లోపల నిర్ణయం ఎప్పుడో అయిపోయిందన్న మాట.

"పులిమడుగులో ఉండాను మామా. ఆడ సిగ్నల్ ఉండదని చెప్పినాను కదా."

"ఆటోకి ఉంటాది సిగ్నల్. నీకెందుకు ఉండదు?"

ఆటో కొండెక్కదు మామా, అంది. అనకుండా ఉండాల్సింది. శివప్రకాశం లేచి మగ్గం మీదున్న నాడె తీశాడు. పేక నూలు మోసుకుంటూ పడుగులో అటూ ఇటూ పరుగెత్తే చెక్క అది, రెండు కొసలకూ ఇనుప మొనలుంటాయి. దాంతో ఆమె వీపు మీద కొట్టాడు. అడ్డం పెట్టిన మోచేతి మీద కొట్టాడు. చివరికి పిక్క మీద కొట్టాడు, అప్పుడు మాత్రం నోరు విప్పాడు. "ఈ కాళ్ళే కదా కొండెక్కేది." లోపలి గదిలో అత్త రాజాంబాళ్ టీవీ గొంతు పెంచింది. ఆ ఇంట్లో టీవీ గొంతు పెరిగిందంటే సీరియల్ బాగుందని అనుకునే వీధివాళ్ళు ఎవరూ లేరు. రాట్నం మీద దారం తెగింది. దెబ్బలు ఆగాక మోహన మొదట చేసిన పని ఆ దారం అతికించడం. చేతులు అట్లా అలవాటు పడిపోయాయి. ఒంటికి ఏమైనా అవి మాత్రం తమ పని తాము చేసుకుపోతాయి.

శివప్రకాశం ఫోనులో రెండు చుక్కలుండేవి. ఒకటి లోడ్ ఆటో, ఇంకొకటి పెళ్ళాం. ఇంట్లో మిగిలినవి రెండే మగ్గాలు. అతను వాటి మీద కూర్చోవడం మానేసి చాలా కాలమైంది. నలుగురి మగ్గాల మీద లుంగీలు పోగుచేసి వేలూరుకూ తిరుపత్తూరుకూ పంపే వ్యాపారం పట్టాడు. ఆటో కొన్న వారంలోనే సీటు కింద జీపీఎస్ పెట్టె బిగించాడు. గుడియాత్తంలో లుంగీ వ్యాపారులు అందరూ బిగిస్తారు. బండి ఎక్కడ నిలబడిందో, ఎంత సేపు నిలబడిందో అది యజమాని ఫోనుకు మోసేస్తుంది. డ్రైవర్ మునుస్వామి టీ తాగడానికి ఆగితే చాలు, "ఆ కొట్టు కాడ ఏం పని నీకు?" అని ఫోను. ఆ సుఖం మరిగాక పెళ్ళాం ఫోను కూడా తన ఫోనుకు తగిలించుకున్నాడు. తెరమీద ఆటో పచ్చగా కదిలేది, మోహన నీలంగా కదిలేది. ఆమెను ఎవరైనా పరిచయం చెయ్యమంటే అతను ఆ నీలం చుక్కనే చూపించేవాడేమో.

ఉద్యోగానికి ఒప్పుకున్నది కూడా ప్రేమతో కాదు. వేలూరులోని ఒక సంస్థ కొండ ఊళ్ళలో బీపీ, షుగర్ చూసి మాత్రలివ్వడానికి ఆడవాళ్ళను పెట్టుకుంటే, జీతం తన ఖాతాలో పడేట్టయితేనే పొమ్మన్నాడు. తెల్లవారుజామున వీధిలో పడుగు సాగదీయాలి, వచ్చాక కండెలు చుట్టాలి, మధ్యలో మిగిలిన పొద్దు సంస్థది. మోహనకి మాత్రం ఆ మిగిలిన పొద్దే అసలు బతుకు. ప్లస్ వన్‌లో, అంటే పదకొండో తరగతిలో, గవర్నమెంటు ఇచ్చిన సైకిలును అత్తగారింటికి తెచ్చుకుంది. నగలకంటే జాగ్రత్తగా చూసుకున్న సామాను అదొక్కటే. దాని మీద కొండ మొదట్లో ఉన్న అడివారం దాకా పోయి, మునియమ్మ అంగడి పక్కన నిలిపి, సంచీ భుజాన వేసుకుని కొండెక్కేది. ఎక్కుతుంటే ఊపిరి బరువయ్యేది, ఆ బరువు ఆమెకి ఇష్టం. తన ఊపిరి చప్పుడు తప్ప ఇంకేమీ వినబడని చోటు ఆ జిల్లాలో ఆమెకి అదొక్కటే.

మూడో వంపు దాటగానే సిగ్నల్ పోయేది. నీలం చుక్క ఆగిపోయేది. చుక్క ఆగిన రోజల్లా ఇంటికొచ్చాక దెబ్బలు.

ఆఫీసు కూడా తక్కువ తినలేదు. హాజరుకి ఊళ్ళో నిలబడి ఫోటో తీసి పంపాలి, ఆ ఫోటోకి స్థలం గుర్తు పడాలి. సిగ్నల్ లేక, ఫోను ఎన్నిసార్లు తిప్పినా ఊరి పేరు పులిమడుగు అని పడేది కాదు. సూపర్‌వైజర్ పూర్ణచంద్ర ఏసీ గదిలో కూర్చుని నవ్వుతూ అన్నాడు. "మిగతా వాళ్ళకి పడతా ఉండాది కదమ్మా. నువ్వు నిజంగా పైకి పోతావా, కిందనే చెట్టు నీడన కూర్చుని వస్తావా?" మిగతా వాళ్ళు అడివారంలోనే ఫోటో తీసుకుని తిరిగొస్తారని ఆయనకీ తెలుసు. ఆమె జీతంలో కోత పడింది. కోత పడిందని ఇంట్లో మళ్ళీ దెబ్బలు పడ్డాయి. ఇద్దరు మగవాళ్ళకీ కావలసింది ఒకటే, మోహన ఎక్కడుందో తెలియాలి. మోహన ఎట్లా ఉందో ఆ ఇద్దరిలో ఎవరూ అడగలేదు.

అడిగింది జెసింత. పెద్దాసుపత్రిలో నర్సులకు పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి, సంస్థలో చేరినవాళ్ళకి శిక్షణ ఇస్తుంది. పొద్దున్నే వేలూరు కోట చుట్టూ సైకిలు తొక్కుతుంది, ఆదివారాలు నలుగురు ఆడవాళ్ళతో కొండలెక్కుతుంది. చిత్తూరు రోగులతో మాట్లాడి మాట్లాడి నేర్చుకున్న తెలుగు ఆమెది. నెలనెలా జరిగే మీటింగు అయ్యాక మోహనని ఆపి, జాకెట్టు చెయ్యి పైకి జరిపి, మోచేయి చూసింది.

"పడినావా?"

"పడినానక్కా."

"నాడె మీద పడినావా? ఇనుప మొన గుర్తు ఉండాది. గుడియాత్తం ఆడవాళ్ళని నేను ఎంత మందిని చూసినాను."

మోహన ఏడవలేదు. సిగ్నల్ సంగతి చెప్పింది. చెబుతుంటే తనకే నవ్వొచ్చింది, కొండ మీద టవర్ లేనందుకు తన వీపు మీద దెబ్బలా అని. జెసింత నవ్వలేదు. స్టేషనుకి పోదాం రా అంది. మోహన తల అడ్డంగా ఊపింది. పోయినేడు ఒకసారి పోయింది. భార్యాభర్తలు సర్దుకోవాలని చెప్పి, శివప్రకాశానికే ఫోను చేసి, ఆయన బండి మీదే ఇంటికి పంపారు. ఆ రోజు దెబ్బలు ఎక్కడెక్కడ తగిలాయో ఆమె ఎవరికీ చెప్పలేదు.

"సరి," అంది జెసింత. "సైకిలుకీ కొండకీ రెండిటికీ పనికొచ్చే జీపీఎస్ ఒకటి తీసుకో. ఆఫీసు హాజరుకి అది గుర్తు పెట్టుకున్న దారి చూపిస్తే చాలు, నేను మాట్లాడతాను."

మరుసటి నెల జెసింత తన జట్టువాళ్ళ దగ్గర నుంచి అడిగి తెచ్చినవి బల్ల మీద పరిచింది. మొదటిది చేతి గడియారం. అందంగా ఉంది, గుండె కొట్టుకోవడం కూడా లెక్కపెడుతుంది. "దారి గుర్తు పెట్టమంటే సాయంత్రానికి చార్జింగు అయిపోతాది, తెర చిన్నది, ఖరీదు నీకూ నాకూ కాదు" అని పక్కన పెట్టేసింది. రెండోది సైకిలు హ్యాండిలుకు బిగించేది. వేగం, దూరం బాగా చూపిస్తుంది. కానీ చేతిలో పట్టుకుని కొండెక్కడానికి వీలుగా లేదు, దానిలో కాలిబాటలూ లేవు. మూడోది పాత నమూనా, సబ్బు పెట్టె అంత మందం, రంగులు అంతంత మాత్రం, తాకితే పలికే తెర కూడా కాదు. అన్నీ బొత్తాలే.

మోహన దాన్ని చేతిలోకి తీసుకుంది. అరచేతికి సరిపోయింది.

"చెమట చేతులతో కూడా బొత్తాం నొక్కొచ్చు. ఎంత ఎండుంటే అంత బాగా కనిపిస్తాది తెర. పెన్సిల్ సెల్లులు రెండు వేస్తే చాలు, అవి అడివారం అంగట్లో కూడా దొరుకుతాయి. హ్యాండిలుకి బిగించే క్లిప్పు వేరేగా వస్తాది. కాలిబాటల మ్యాపు ఊరికే దొరుకుతాది, నేను ఎక్కిస్తాను. కొంచెం వాడినది అయితే ఇంకా చవక. ఎత్తు మాత్రం అంత కరెక్టుగా చూపించదు, అది నీకెందుకు?"

"ఫోను చాలదా అక్కా? ఫోనులో కూడా ఇదే కదా ఉండేది?"

"ఫోనుకీ ఆకాశం కనిపిస్తాది, సిగ్నల్ లేకపోయినా. కాకపోతే వానకి తడుస్తాది, రాయి మీద పడితే పగులుతాది, సగం దారిలో చార్జింగు అయిపోతాది." జెసింత ఆమె చేతిలో ఉన్నదాని మీద వేలు పెట్టింది. "అప్పరం ఇంకొకటి, నువ్వు యాడుండావో ఫోను చెప్పేస్తాది. ఇది చెప్పదు."

"చెప్పదంటే?"

"పైన ఉపగ్రహాలు ఊరికే టైము చెప్పుకుంటా తిరుగుతాయి. ఇది వింటాది. విని, తను యాడుండాదో తనే లెక్క కట్టుకుంటాది. దీంట్లో సిమ్ లేదు. ఎవరికీ ఏమీ పంపించదు."

"అయితే నేను యాడుండానో ఆ ఉపగ్రహానికి కూడా తెలీదా?"

"తెలీదు. నీకు మాత్రమే."

మోహన ఆ మాట మళ్ళీ చెప్పించుకుంది. ఇంటికి తిరిగి వస్తున్న బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ మాటే లోపల తిప్పుకుంది. ఇరవై ఏళ్ళ దాకా ఆమె ఎక్కడుందో నాన్నకి తెలియాలి, ఆ తర్వాత మొగుడికి తెలియాలి. పెరటి గుమ్మం దాటితే అత్తకి చెప్పాలి, స్నానానికి పోతే అరగంట ఎందుకయిందో చెప్పాలి. తానెక్కడుందో తనకు మాత్రమే తెలియడమనేది ఒకటుంటుందని, అది సబ్బు పెట్టె అంత సైజులో దొరుకుతుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. అది తనకి కావాలి. ఆకలి వేసినట్టే కావాలి.

ఇంటికొచ్చి ఒకే మాట చెప్పింది. "మామా, కొండమీద కూడా పనిచేసే జీపీఎస్ ఉండాదంట."

శివప్రకాశం ముఖం విప్పారింది. అతనికి జీపీఎస్ అంటే సీటు కింద పెట్టె. డ్రైవరును పట్టించేది, యజమానికి మోసేది. అంతకు మించి ఒకటుంటుందని అతనికి ఎందుకు తోస్తుంది? "ఈ బుద్ధి ముందే ఉండాల" అని, ఖరీదు అడిగి, బేరమాడమని చెప్పి, తన చేత్తోనే డబ్బు తీసిచ్చాడు. తల్లితో కూడా గొప్పగా చెప్పాడు. "ఇంక యాడికీ తప్పించుకోలేదు." మోహన అబద్ధం ఆడలేదు. అతను అనుకున్నదాన్ని సరిదిద్దలేదు, అంతే. పెళ్ళయ్యాక ఆమె చేసిన మొదటి దొంగతనం అది. దానికి ఆమె ఇప్పటికీ సిగ్గుపడదు.

ఆ తర్వాతి కొన్ని వారాలు బాగున్నాయి. సైకిలు హ్యాండిలుకు పెట్టె బిగించి, అడివారంలో విప్పి మెళ్ళో తాడుకి వేలాడేసుకుని ఎక్కేది. బొత్తాం నొక్కి పట్టుకుంటే ఉన్నచోటు గుర్తు పడిపోతుంది. నీళ్ళ ఊట దగ్గర ఒక గుర్తు, దారి చీలే చోట ఒకటి, ఎలుగుబంటి తిరుగుతుందని పులిమడుగువాళ్ళు చెప్పిన పొద దగ్గర ఒకటి. మంచు పట్టిన పొద్దున కూడా తప్పిపోకుండా నడిచేది. సాయంత్రం ఇంటికి రాగానే ఆ పెట్టెను మొగుడి ముందు పెట్టాలి. పోయివచ్చిన దారి తెరమీద నల్ల గీతలా ఉండేది. దాని మీద వేలు జరుపుతూ శివప్రకాశం తృప్తిగా తల ఊపేవాడు. ఫోనుకి ఎందుకు రావడం లేదని అడిగితే, కొండ కదా, ఇంటికొచ్చాకే చూసుకోవాలంట, అని చెప్పింది. ఇప్పుడు అబద్ధం ఆడింది. నిద్రలో కూడా ఆ మాట తడబడకుండా సాధన చేసింది.

ఒకరోజు పెట్టె ఆపడం మరిచిపోయి కొంగున కట్టుకునే తెల్లవారి పడుగుకి దిగింది. వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా నూలు సాగదీసి, పోగులు విడదీసుకుంటూ, గంజి రాస్తూ, అత్త కేకలేస్తుంటే అటూ ఇటూ తిరగడం. దాన్ని అక్కడ పావు వేయడం అంటారు, అది ఆడవాళ్ళ పని. దానికి కూలీ అని ఎవరూ అనరు, అడిగినవాళ్ళూ లేరు. ఆ సాయంత్రం శివప్రకాశం తెర చూసి ముఖం చిట్లించాడు. ఇంటి ముందు నల్లటి ముద్ద. గీత మీద గీత పడి, మధ్యలో ఖాళీ లేకుండా కమ్ముకుపోయింది.

"ఏందే ఇది? వీధిలో ఎవరి చుట్టూ తిరిగినావు?"

మోహన వంగి చూసింది. కింద దూరం పడి ఉంది. పులిమడుగు ఎక్కి దిగిన దానికంటే ఎక్కువ. ఇన్నేళ్ళుగా ప్రతి పావుకీ తాను ఒక కొండ ఎక్కి దిగుతోంది, ఇంటి గడప ముందే. కొండ మీదికి పోతే ఒళ్ళు నొప్పులుండవుగానీ పడుగు పొద్దున నడుము ఎందుకు విరిగిపోతుందో అప్పుడు అర్థమైంది.

"అది నీ పావు మామా. అంత దూరం నడిస్తేనే నీ మగ్గం ఆడతాది."

"ఆడదానికి నడక కూడా లెక్కేనా?" అంది రాజాంబాళ్ లోపలి నుంచి. ఆమె అరవై ఏళ్ళుగా అదే వీధిలో అంతకంటే ఎక్కువ నడిచిన మనిషి. శివప్రకాశం పెళ్ళాం చెంప మీద ఒక్కటి కొట్టాడు, ఎదురు మాట్లాడినందుకు. చిన్న దెబ్బే. మోహనకి మాత్రం ఆ రోజు నుంచి లోపల ఏదో గట్టిపడింది.

చివరికి బయటపెట్టింది ఆటో పెట్టె బాగుచేయడానికి వచ్చిన మెకానిక్. శివప్రకాశం మురిసిపోతూ పెళ్ళాం పెట్టె కూడా చూపించి, దీన్ని కూడా ఫోనుకి తగిలించమన్నాడు. మెకానిక్ వెనక మూత తీసి చూసి, "దీంట్లో సిమ్మే లేదు కదన్నా. ఇది ఎవరికీ ఏమీ చెప్పదు. ఇంటికొచ్చి అక్క ఏం చూపిస్తే మీరు అదే చూస్తా ఉండారు" అని నవ్వాడు. మునుస్వామి కూడా నవ్వాడు. అన్ని రోజులు టీ కొట్టు దగ్గర తిట్లు తిన్న మనిషి, నవ్వకుండా ఎట్లా ఉంటాడు?

మోసపోయినందుకు కాదు, నవ్వులపాలైనందుకే శివప్రకాశానికి పిచ్చెక్కింది. మోహన పొయ్యి దగ్గర ఉంది. వచ్చీ రాగానే జడ పట్టి వంటింట్లో నుంచి మగ్గాల గదికి ఈడ్చాడు. ఆమె ఫోను నేలకేసి కొట్టి చెప్పుతో తొక్కాడు. కడుపులో తన్నాడు. పెట్టెను గోడకేసి విసిరాడు, అది రాళ్ళ మీద పడడానికే చేసిన వస్తువు కాబట్టి ఎగిరి వచ్చి మగ్గం గుంటలో పడింది. అది పగలలేదని ఇంకా కోపం వచ్చి ఆమె నోటి మీద కొట్టాడు. పెదవి చిట్లింది, ఒక పన్ను కదిలింది. "చంపేసి కొండమీదనే పారేస్తాను. నువ్వు యాడుండావో నీకు మాత్రమే తెలస్తాది" అన్నాడు, రొప్పుతూ. రాజాంబాళ్ గుమ్మంలోకి వచ్చింది. కొడుకుని ఆపడానికేమో అనుకుంది మోహన. "చాలురా, ముఖం మీద వద్దు. రేపు వీధిలో పావు ఉండాది" అంది అత్త.

అన్నం తిన్నాక శివప్రకాశం శాంతించాడు. గుంటలోంచి పెట్టె తానే తీసి, లుంగీతో తుడిచి, ఆమె ఒళ్ళో పెట్టాడు. "రేపు పావు అయినాక కొండకి పో. ఎందుకు మానుకుంటావు?" అన్నాడు, లుంగీల గిరాకీ అడిగే గొంతుతో.

వెంట వస్తాడని ఆమెకి తెలుసు. పోకుండా ఇంట్లో ఉంటే ప్రాణానికి భద్రమా అంటే, నాడె ఉన్నది ఇంట్లోనే. పోయింది. అడివారంలో మునియమ్మ ఆమె పెదవి చూసి ఏమీ అడగకుండా సోడా కొట్టి ఇచ్చింది. మూడో వంపు దాటాక కిందనుంచి మోటారు సైకిలు ఆగిన చప్పుడు వినిపించింది. మోహన నడక వేగం పెంచింది. అడుగు ఆగితే చచ్చిపోతానని ఒళ్ళంతటికీ తెలిసిన నడక అది.

శివప్రకాశానికి కొండ కొత్త. మగ్గం మీద కూర్చోవడం కూడా మానేసిన కాళ్ళు అతనివి. కానీ కోపం మనిషిని కొంత దూరం మోస్తుంది. దారి చీలే చోట కొండను అడ్డంగా కోసి, పొదలు పట్టుకుని పాకి, నీళ్ళెండిన వాగు వంక పైనున్న బండ మీద ఆమెకి ఎదురొచ్చాడు. చేతిలో విరిచిన కట్టె.

"యాడ వాడు?"

"ఎవరు మామా?"

"నీకోసం కొండమీద కూర్చోనుండేవాడు. యాడ?"

"పైన ఒక అవ్వ ఉండాది, బీపీ ఎక్కువ. ఇంకొక ఆయనకి షుగరు. ఎవరిని పిలవాల?"

కట్టె ఆమె భుజం మీద పడింది. రెండోసారి మెడ మీద. మూడోసారి ఆమె వంగితే కట్టె బండకి తగిలి విరిగింది. అప్పుడతను ఆమె మెళ్ళో పెట్టె వేలాడుతున్న తాడు పట్టుకుని లాగాడు. తాడు మెడకు బిగుసుకుంది, ఊపిరి ఆగింది. మోహన రెండు చేతులా పెట్టెను పట్టుకుంది. ఇన్నేళ్ళలో అతను లాక్కున్నవి ఎన్నో వదిలేసింది. జీతం వదిలేసింది, నిద్ర వదిలేసింది, పుట్టింటి పెళ్ళిళ్ళు వదిలేసింది. ఇది వదలలేదు. అతను కాలు తన్నిపెట్టి బలమంతా పెట్టి లాగాడు. తాడు తెగింది. పెట్టె ఆమె చేతుల్లోనే ఉండిపోయింది, అతను మాత్రం తెగిన తాడుతో సహా వెనక్కి, వంకలోకి పడిపోయాడు.

ఎముక విరిగిన చప్పుడు ఆమెకి పైదాకా వినిపించింది.

దిగింది. ఎందుకు దిగావని తర్వాత జెసింత అడిగితే చెప్పలేకపోయింది. సంచీలో నీళ్ళు ఉన్నాయి, మనిషి పడి ఉన్నాడు, కాళ్ళు వాటంతట అవే దిగాయి. మోకాలి కింద కాలు వంకరగా తిరిగి ఉంది, ముఖమంతా రక్తం. తల ఎత్తి నీళ్ళు తాగించింది. రెండు గుక్కలు తాగి ఊపిరి తీసుకున్నాక అతని చెయ్యి లేచి ఆమె జడ పట్టుకుంది. "తోసేసినావు కదే" అని, పట్టిన జడతోనే ఆమె ముఖాన్ని రాయికేసి కొట్టాడు. ఒకసారి. రెండోసారి కొట్టేలోపు మోహన చేతిలోని పెట్టె అతని మణికట్టు మీద పడింది. మళ్ళీ పడింది. వేళ్ళు విడేదాకా కొడుతూనే ఉంది. తన గొంతులోంచి ఏదో అరుపు వస్తోందని ఆమెకి ఆలస్యంగా తెలిసింది, అటువంటి అరుపు తనలో ఉందని అప్పటిదాకా తెలియదు. వేళ్ళు విడిపోయాక కూడా ఇంకొక దెబ్బ కొట్టింది. అది తన కోసం.

చెయ్యి అందనంత దూరం జరిగి కూర్చుంది. తన కంటి మీద నుంచి రక్తం కారుతోంది. ఫోను తీసి చూసుకున్నాడు శివప్రకాశం. సిగ్నల్ లేదు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. మొదటిసారి అతని ముఖంలో భయం కనబడింది.

"మోహనా. ఇడిసిపెట్టి పోవద్దే. నేను ఈడ ఉండానని ఎవరికీ తెలీదు."

ఆ మాట చెవిలో పడగానే ఆమెకి సంతోషం కలిగింది. దాచడానికేమీ లేదు, సంతోషమే. ఎవరికీ తెలియదు. మేకలవాళ్ళు ఈ వంకకి రారు. చీకటి పడితే ఎలుగుబంటి వస్తుంది. తాను ఇప్పుడు లేచి పోయి, రోజూలాగే రోగుల చేత సంతకాలు పెట్టించుకుని, ఇంటికి పోయి పడుగు నూలు సర్దుకుంటే చాలు. ఇతను చావాలి అనుకుంది. పైకి కూడా అంది, అతనికి వినిపించేటట్టు. అతను ఏడిచాడు. ఆమె అతని ఏడుపు చివరిదాకా చూసింది, అత్త టీవీ చూసినట్టు.

తర్వాత పెట్టె వైపు చూసింది. మూల చిట్లి, తెర మీద గీరు పడి, రక్తం అంటి ఉంది. లోపల చిన్న బాణం గుర్తు మాత్రం నిలకడగా వెలుగుతోంది. ఇతను ఇక్కడ చస్తే, తాను జన్మంతా ఈ వంక చుట్టే తిరగాలి. ఇంటి ముందు నల్లటి ముద్దలాగా, గీత మీద గీత. ఇంకొక్క అడుగు కూడా ఇతని కోసం నడవడం ఆమెకి ఇష్టం లేదు. బొత్తాం నొక్కి పట్టుకుంది. గుర్తు పడింది.

నీళ్ళ సీసా అతని వైపు విసిరి, సంచీ భుజానేసుకుంది. "మనుషుల్ని పంపిస్తాను. నేను రాను" అంది. వెనకనుంచి తిట్టాడు, తర్వాత బతిమాలాడు, తర్వాత మళ్ళీ తిట్టాడు. వంపు తిరిగాక ఏదీ వినిపించలేదు.

మునియమ్మ అంగట్లో ఫోను అడిగి తీసుకుంది. మునియమ్మ తడిబట్టతో ఆమె కన్ను తుడుస్తుండగానే అంబులెన్సువాళ్ళకి అంతా చెప్పింది. అవతల ఉన్న అమ్మాయి ఏ చోటని అడిగితే పెట్టెలోని అంకెలు మెల్లగా, ఒకటొకటిగా చదివింది. వంకలోకి ఏ పక్కనుంచి దిగాలో, దారి చీలే చోట ఎటు తిరగాలో చెప్పింది. ఆ అమ్మాయి ఆశ్చర్యపోయింది, ఇంత సరిగ్గా చెప్పినవాళ్ళు ఎవరూ లేరని. ఆయన మీకేమవుతారని అడిగింది. మొగుడు, అంది మోహన. మీకూ దెబ్బలు తగిలాయా అని అడిగింది. తగిలాయి, ఆయన కొట్టినవే, వేలూరులో ఆసుపత్రిలో చూపించుకుని అన్నీ రాయిస్తాను, ఈసారి స్టేషనుకి ఒక్కదాన్నే పోను, అంది మోహన. చెబుతూనే సైకిలును గుడియాత్తం వైపు నుంచి వేలూరు వైపుకి తిప్పి నిలబెట్టి, ఒంటిచేత్తో పెట్టెను హ్యాండిలుకి బిగించింది.

"బండి బయలుదేరిందమ్మా. మేము వచ్చేదాకా మీరు అక్కడే ఉంటారు కదా? ఆయన అడిగితే మీరెక్కడున్నారని చెప్పాలి?"

"ఆయన యాడుండాడో నేను చెప్పినాను కదమ్మా," అంది మోహన. "నేను యాడుండానో మాత్రం ఆయనకి చెప్పొద్దు."